పెద్ద గదికి స్పీకర్లు, ఆంప్లిఫయర్ ఎంచుకోవడం ఎలా?

పెద్ద హాల్లో మంచి ఆడియో సిస్టమ్ పెట్టుకోవాలనుకునే వాళ్లు ముందుగా అడిగేది "ఎన్ని వాట్ల ఆంప్ కొనాలి?" అని. అది చివర్లో అడగాల్సిన ప్రశ్న. గది ఎంత పెద్దది, ఎంత దూరంలో కూర్చుంటారు, స్పీకర్ సెన్సిటివిటీ (ఒక వాట్‌కి అది ఇచ్చే శబ్దం) ఎంత అన్న మూడు విషయాలు తేలితే వాట్లు వాటంతట అవే లెక్కకొస్తాయి. అవి తేలకుండా పెద్ద ఆంప్ కొన్నవాళ్లకు తర్వాత తెలిసేదేమిటంటే, లోటు ఉన్నది ఆంప్‌లో కాదు, స్పీకర్‌లో. చిన్న గదిలో ముచ్చటగా పాడిన స్పీకర్ పెద్ద హాల్లోకి రాగానే నీరసపడిపోతుంది. వాల్యూమ్ పెంచితే గొంతు గట్టిబడుతుంది, చెవిలో గుచ్చుతుంది, బేస్ (అడుగు ధ్వని) మాత్రం రాదు. అలా ఎందుకవుతుందో, అలా కాకుండా ఏ వరసలో ఎంచుకోవాలో చూద్దాం.

మొదటి మెట్టు: టేపు పట్టుకుని గదిని కొలవండి

పొడవు, వెడల్పు, ఎత్తు మీటర్లలో రాసుకుని మూడింటినీ గుణించండి. ఈ వ్యాసమంతా ఒక గదినే ఉదాహరణగా తీసుకుంటాను: 10 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు, 3.5 మీటర్ల ఎత్తు. అడుగుల్లో సుమారు 33, 23, పదకొండున్నర. ఘనపరిమాణం 245 ఘనపు మీటర్లు. మామూలు పడక గది 40 ఘనపు మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి ఇది దానికి ఆరు రెట్లు. నా లెక్కలో 120 ఘనపు మీటర్లు దాటిందంటే అది పెద్ద గదే. హాలు పక్కన తలుపు లేకుండా భోజనాల గదో, మెట్లో కలిసి ఉంటే అవి కూడా లెక్కలోకి వస్తాయి. బేస్‌కి తలుపు లేని చోట గోడ ఉండదు.

తర్వాత గది ఎంతసేపు మోగుతుందో చూడాలి. మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట్లు కొట్టండి. చప్పుడు వెంటనే ఆగిపోతే మంచిది. తోక సాగుతూ ఉంటే, ముఖ్యంగా రెండు ఉత్త గోడల మధ్య టకటకమని కొట్టుకుంటూ ఉంటే, డబ్బు ముందు అక్కడ పెట్టాలి. 1890లలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో వాలెస్ సబైన్ అనే ఆచార్యుడు, ఒక ఉపన్యాసాల హాల్లో మాట స్పష్టంగా వినపడకపోతే, పక్క థియేటర్ నుంచి సీట్ల మెత్తలు తెప్పించి, వాటిని పెంచుతూ తగ్గిస్తూ గది మోత ఎన్ని సెకన్లలో చస్తుందో కొలిచాడు. ఆయన తేల్చిన సూత్రం ఇప్పటికీ వాడుతున్నాం: ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గదిలో ధ్వనిని పీల్చుకునే మొత్తం విస్తీర్ణంతో భాగించాలి. వచ్చేది ధ్వని 60 డెసిబెళ్లు పడిపోవడానికి పట్టే సమయం.

మన గదిలో ఆ సమయం 0.6 సెకన్లు ఉండాలంటే సుమారు 66 చదరపు మీటర్ల పూర్తి పీల్పు (తగిలిన ధ్వనినంతా పీల్చేసుకునే విస్తీర్ణం) కావాలి. తివాచీ, మందపాటి కర్టెన్లు, గుడ్డ సోఫాలు, పుస్తకాల అరలు అన్నీ కొంత కొంత ఇస్తాయి. మామూలు పల్చటి కర్టెన్ దాదాపు ఏమీ ఇవ్వదు. సంగీతానికి ఇంత గదిలో 0.5 నుంచి 0.7 సెకన్ల మధ్య ఉంటే నాకు హాయిగా ఉంటుంది. సెకను దాటితే ఏ స్పీకర్ తెచ్చినా మాటలు ముద్దైపోతాయి. చప్పట్లతో కాకుండా అంకెల్లో తెలుసుకోవాలంటే కొలత మైకు ఒకటి కొని రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడండి. ఆ మైకు చివరిదాకా పనికొస్తుంది.

రెండో మెట్టు: కుర్చీని ముందుకు జరపండి

పెద్ద గది ఉంది కదా అని స్పీకర్లు ఒక గోడకీ, సోఫా ఎదుటి గోడకీ ఆనించి పెట్టేస్తారు. అలా పెట్టి తీరాలన్న నియమమేమీ లేదు. ఖర్చు లేకుండా వచ్చే డెసిబెళ్లు ఇక్కడే ఉన్నాయి.

ఆరుబయట అయితే దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెళ్లు పడిపోతుంది. గదిలో గోడల నుంచి తిరిగొచ్చే ధ్వని కలుస్తుంది కాబట్టి అంత పడదు, 3 నుంచి 4 మాత్రమే తగ్గుతుంది. కానీ ఆ మిగిలిన భాగం గది ఇచ్చిన మోత, స్పీకర్ ఇచ్చిన స్పష్టత కాదు. నేరుగా వచ్చే ధ్వని, గోడల నుంచి తిరిగొచ్చే ధ్వని సమానమయ్యే దూరం ఒకటి ఉంటుంది. మన గదిలో 0.6 సెకన్ల మోతతో, అన్ని వైపులా సమానంగా ధ్వని చిమ్మే స్పీకర్‌కి ఆ దూరం 1.15 మీటర్లే. మధ్య స్థాయి ధ్వనుల్లో మామూలు స్పీకర్ కాస్త ముందుకే చిమ్ముతుంది కాబట్టి సుమారు 2.3 మీటర్లు. గరాటు మూతితో బాగా ముందుకే చిమ్మే హార్న్ స్పీకర్‌కి దాదాపు 3.6 మీటర్లు. అంతకంటే వెనక్కి వెళ్లేకొద్దీ మీరు వినేది ఎక్కువగా గదినే.

అందుకే పది మీటర్ల గదిలో ఎనిమిది మీటర్ల దూరంలో కూర్చోకండి. స్పీకర్లను వెనక గోడ నుంచి మీటరో, మీటరున్నరో ముందుకు లాగండి. కుర్చీని స్పీకర్లకు నాలుగు, ఐదు మీటర్లలోకి తీసుకురండి. కుర్చీ వెనక ఖాళీ మిగిలితే మిగలనివ్వండి. వెనక గోడ తలకు దూరంగా ఉండటం పెద్ద గది ఇచ్చే వరం, చిన్న గదుల వాళ్లకు దొరకనిది. రెండు స్పీకర్ల మధ్య దూరం, కుర్చీ దూరం కంటే కాస్త తక్కువగా ఉంటే సరిపోతుంది. ఉదాహరణకు నేను 5 మీటర్ల దూరమే తీసుకుంటున్నాను.

మూడో మెట్టు: ఎంత గట్టిగా వింటారో నిజాయితీగా తేల్చుకోండి

ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ వేసుకుని, ఇప్పుడున్న సిస్టమ్‌లో మీకు నచ్చిన పాటను మీకు నచ్చినంత గట్టిగా పెట్టి కొలవండి. చాలామందికి సగటు 75 నుంచి 85 డెసిబెళ్ల మధ్య వస్తుంది. కానీ సంగీతంలో డ్రమ్ దెబ్బ, పియానో మెట్టు మీద గట్టిగా పడిన వేలు సగటు కంటే 15 నుంచి 20 డెసిబెళ్లు పైకి లేస్తాయి. మంచి రికార్డింగ్ అయితే మరీను. సినిమా థియేటర్ల ప్రమాణం కూడా ఇదే: సగటు స్థాయి 85, ఒక్కో చానెల్‌లో శిఖరం 105.

మీ సగటుకు 20 కలపండి. అది మీ లక్ష్యం. 85 సగటుతో వినేవాళ్లకు శిఖరం 105. అంతకు మించి సగటు పెంచాలనుకుంటే చెవుల సంగతి కూడా చూసుకోవాలి. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సిఫారసు ప్రకారం 85 డెసిబెళ్లలో రోజుకు ఎనిమిది గంటలు పరిమితి. 3 డెసిబెళ్లు పెరిగిన ప్రతిసారీ సమయం సగమవుతుంది. 94లో ఒక గంట, 100లో పదిహేను నిమిషాలే. వినికిడి పోతే తిరిగి రాదు. దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

నాలుగో మెట్టు: సెన్సిటివిటీ

మొత్తం వ్యవహారం ఇక్కడే తేలుతుంది, కాబట్టి నిదానంగా చదవండి.

ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో స్పీకర్ ఎన్ని డెసిబెళ్లు ఇస్తుందో అదే సెన్సిటివిటీ. ఇళ్లలో కనిపించే చాలా స్పీకర్లు 84 నుంచి 90 మధ్య ఉంటాయి. పెద్ద వూఫర్లు (బేస్ పాడే కోన్‌లు), హార్న్‌లు ఉన్నవి 95 నుంచి 105 దాకా వెళ్తాయి. అంకెల్లో తేడా చిన్నదిగా కనిపిస్తుంది. కానీ 3 డెసిబెళ్లు అంటే రెట్టింపు వాట్లు, 10 డెసిబెళ్లు అంటే పది రెట్లు.

మన గది లెక్క కడదాం. 5 మీటర్ల దూరానికి ఆరుబయట 14 డెసిబెళ్లు పోతాయి. గది కొంత తిరిగి ఇస్తుంది కాబట్టి 10 పోయాయనుకుందాం. రెండు స్పీకర్లు కలిసి పాడితే 3 కలుస్తుంది. ఇప్పుడు 87 సెన్సిటివిటీ ఉన్న స్పీకర్ తీసుకుంటే, ఒక వాట్‌కి కుర్చీ దగ్గర 87లోంచి 10 తీసి 3 కలపగా 80. లక్ష్యం 105. ఇంకా 25 కావాలి. 25 డెసిబెళ్లంటే సుమారు 316 రెట్లు, అంటే ఒక్కో స్పీకర్‌కి 316 వాట్లు. స్పీకర్ 91 అయితే 126 వాట్లు. 97 అయితే 32 వాట్లు. గది, కుర్చీ, పాట, వినేవాడు అంతా అదే. మారింది స్పీకర్ ఒక్కటే.

గది బాగా పీల్చుకునేదైతే గోడలు అంత తిరిగి ఇవ్వవు, ఈ అంకెల్ని రెట్టింపు చేసుకోండి. అప్పుడు 87 స్పీకర్‌కి 630 వాట్లు. అంత ఇచ్చే ఆంప్ దొరుకుతుంది, కానీ అంత తట్టుకునే ఇంటి స్పీకర్ దొరకడం కష్టం. తట్టుకున్నా ఇంకో సమస్య ఉంది. వాయిస్ కాయిల్ (కోన్‌ని కదిపే తీగ చుట్ట) వేడెక్కుతుంది. రాగికి డిగ్రీకి 0.39 శాతం చొప్పున నిరోధం పెరుగుతుంది కాబట్టి, కాయిల్ 180 డిగ్రీలు వేడెక్కితే నిరోధం 1.7 రెట్లవుతుంది. అంటే మీరు నాబ్ తిప్పినా, స్పీకర్ తీసుకునే శక్తి రెండు డెసిబెళ్లకు పైగా తగ్గిపోతుంది. శిఖరాలు నొక్కుకుపోయి సంగీతంలో ప్రాణం పోయినట్టు అనిపించేది ఇందుకే. సెన్సిటివ్ స్పీకర్ అదే శబ్దాన్ని చల్లటి కాయిల్‌తో ఇస్తుంది. పెద్ద గదికి 92 కంటే తక్కువ సెన్సిటివిటీ ఉన్న స్పీకర్‌ని నేను సిఫారసు చేయను. 95 దాటితే ఇంకా నిశ్చింత.

స్పెసిఫికేషన్ చదివేటప్పుడు ఒక కిటుకు గమనించండి. చాలా కంపెనీలు ఒక వాట్ అని రాయవు, 2.83 వోల్టులు అని రాస్తాయి. 8 ఓమ్‌ల స్పీకర్‌కి 2.83 వోల్టులంటే సరిగ్గా ఒక వాట్. 4 ఓమ్‌లకైతే రెండు వాట్లు. కాబట్టి 4 ఓమ్‌ల స్పీకర్ మీద 90 అని ఉంటే వాట్ లెక్కలో అది 87. వీలైతే కంపెనీ కాగితం కాకుండా ఎవరైనా స్వతంత్రంగా కొలిచిన అంకె వెతికి చూడండి.

ఈ సెన్సిటివిటీ ఊరికే రాదు. పెట్టె పరిమాణం, బేస్ లోతు, సెన్సిటివిటీ ఈ మూడింట్లో రెండే మీ ఇష్టం, మూడోది వాటిని బట్టి పోతుంది. దీన్ని స్పీకర్ తయారీదార్లు హాఫ్‌మన్ ఇనుప సూత్రం అంటారు. చిన్న పెట్టె, లోతైన బేస్ రెండూ కావాలంటే సెన్సిటివిటీ వదులుకోవాలి. మీది పెద్ద గది. పెద్ద పెట్టె పెట్టుకునే చోటు మీకుంది, ఆ చోటును వాడుకోండి. సినిమా ధ్వని తొలినాళ్లలో ఆంప్‌లు కొద్ది వాట్లే ఇచ్చేవి. థియేటర్లు నింపడానికి హార్న్‌లు వాడింది అందుకే. 1946లో పాల్ క్లిప్ష్ మొదలుపెట్టిన మూల హార్న్ స్పీకర్ క్లిప్ష్‌హార్న్ ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా తయారవుతోందంటే కారణం అదే భౌతిక సూత్రం.

ఐదో మెట్టు: ధ్వని ఎటు వెళ్తోంది?

రెండో మెట్టులో చెప్పిన 2.3, 3.6 మీటర్ల తేడా గుర్తుంది కదా. దూరంగా కూర్చునే వాళ్లకు ధ్వనిని ముందుకే పంపే స్పీకర్ మంచిది: హార్న్, వేవ్‌గైడ్ ట్వీటర్ (పై ధ్వనులు పాడే చిన్న యూనిట్ చుట్టూ లోతులేని గరాటు), పొడవైన లైన్ అరే (నిలువుగా ఒకదాని మీద ఒకటి పేర్చిన యూనిట్ల వరస). నేల నుంచి కప్పుదాకా సాగే లైన్ అరే అయితే దూరం రెట్టింపైతే 3 డెసిబెళ్లే పడుతుంది. ప్యానెల్ స్పీకర్లు (పెట్టె లేని పల్చటి పలకలు) వెనక్కి కూడా అంతే ధ్వని పంపుతాయి కాబట్టి వాటికి వెనక చాలా ఖాళీ కావాలి. పెద్ద గదిలో ఆ ఖాళీ ఉంటుంది. కానీ వాటి సెన్సిటివిటీ తక్కువ, వాటిలో ఎలక్ట్రోస్టాటిక్ రకమైతే పై ధ్వనుల్లో ఇంపీడెన్స్ (కరెంటుకు స్పీకర్ చూపే అడ్డు) ఒకటి, రెండు ఓమ్‌లకు పడిపోతుంది. గట్టిగా వినని వాళ్లకే అవి.

షోరూమ్‌లో ఒక పరీక్ష చేయండి. పింక్ నాయిస్ (అన్ని ధ్వనులూ కలిసిన హోరు) పెట్టించి, స్పీకర్ ముందు నుంచి మెల్లగా పక్కకు నడవండి. తర్వాత లేచి, కూర్చుని వినండి. శబ్దం రంగు మెల్లగా, సాఫీగా మారాలి. ఒకచోట అకస్మాత్తుగా బోలుగానో, ఈలలాగానో మారితే ఆ స్పీకర్ పక్కలకు పంపేది సరిగా లేదన్నమాట. పెద్ద గదిలో మీరు వినేదాంట్లో సగం పైన ఆ పక్కల ధ్వనే.

ఆరో మెట్టు: బేస్

చిన్న గది బేస్‌కి సాయం చేస్తుంది, పెద్ద గది చేయదు. ఇది చాలామందికి తెలియదు. నాలుగు మీటర్ల గదిలో మొదటి అనునాదం (గది తనంతట తాను మోగే ధ్వని) 43 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. తలుపులన్నీ మూసిన గదిలో అంతకంటే కింది ధ్వనుల్ని గది మొత్తం కలిసి పైకి లేపుతుంది. మన పది మీటర్ల గదిలో అది 17 హెర్ట్జ్. అంటే సంగీతంలో వచ్చే బేస్ అంతటికీ గాలిని స్పీకరే తోయాలి.

ఎంత తోయాలి? ఒకే గట్టితనంతో 40 నుంచి 20 హెర్ట్జ్‌కి దిగాలంటే నాలుగు రెట్ల గాలి కదలాలి. 15 అంగుళాల కోన్ విస్తీర్ణం సుమారు 850 చదరపు సెంటీమీటర్లు. ఆరున్నర అంగుళాలది 135 దాకా. సన్నటి టవర్ స్పీకర్‌లో రెండు చిన్న వూఫర్లు చూసి మోసపోకండి. రెండూ కలిసినా ఒక్క 15 అంగుళాల కోన్‌లో మూడో వంతే.

పెద్ద గదికి సబ్‌వూఫర్లు (బేస్ మాత్రమే పాడే స్పీకర్లు) రెండు తప్పనిసరి అంటాను, వీలైతే నాలుగు. పక్కపక్కన ఉండి ఒకే ఫేజ్‌లో (ఒకేసారి ముందుకు, వెనక్కి కదులుతూ) పాడే రెండు 6 డెసిబెళ్లు పెంచుతాయి. విడివిడిగా పెడితే అంత పెరగదు కానీ, ఒక కుర్చీలో గుద్దుతున్నట్టు, పక్క కుర్చీలో లేనట్టు ఉండే తేడా తగ్గుతుంది. హార్మన్ సంస్థలో టాడ్ వెల్టీ చేసిన పరిశోధన 2002లో వచ్చింది. నాలుగు గోడల మధ్య బిందువుల్లో నాలుగు సబ్‌లు పెట్టడం చాలా మంచి ఏర్పాట్లలో ఒకటని అందులో తేలింది.

మొదటి సబ్ ఎక్కడ పెట్టాలో తెలియాలంటే దాన్ని తీసుకెళ్లి మీరు కూర్చునే కుర్చీలో పెట్టండి. నిలకడగా నడిచే బేస్ గిటార్ పాట ఒకటి పెట్టి, గోడల వెంట నేల మీద పాకుతూ వినండి. ఒక మూల బొంయ్‌మంటుంది, రెండడుగులు జరిగితే కొన్ని స్వరాలు మాయమవుతాయి, ఒకచోట ప్రతి స్వరం సమానంగా, విడివిడిగా వినిపిస్తుంది. సబ్ పెట్టాల్సింది అక్కడ. రెండోది ఎదురుగా పెట్టి మైకుతో సరిచూసుకోండి.

ఏడో మెట్టు: ఇప్పుడు ఆంప్

నాలుగో మెట్టులో వచ్చిన వాట్లకు రెట్టింపు ఉన్న ఆంప్ చూడండి. ఆ 3 డెసిబెళ్లు వెసులుబాటు. అంతకంటే ఎక్కువ కొన్నా నష్టం లేదు, లాభం కూడా పెద్దగా ఉండదు. శక్తి చాలని ఆంప్‌ని బలవంతంగా పాడిస్తే తరంగాల తలలు తెగి, ఆ శక్తి ట్వీటర్ మీద పడుతుంది. చిన్న ఆంప్‌తో ట్వీటర్లు కాలిపోయేది అందుకే.

లెక్క మీద నమ్మకం కుదరకపోతే మీ పాత సిస్టమ్‌తోనే కొలవొచ్చు. గరిష్ఠం కంటే 12 డెసిబెళ్లు తక్కువ స్థాయిలో రికార్డ్ చేసిన 200 హెర్ట్జ్ టోన్ ఫైలు ఒకటి సంపాదించండి. ముందు మీకు కావలసినంత గట్టిగా పాట పెట్టి, వాల్యూమ్ నాబ్ కదపకుండా ఆపేయండి. ఆంప్ ఆపి, స్పీకర్ వైర్లు తీసి, మళ్లీ ఆన్ చేసి టోన్ పెట్టండి. ఒకే చానెల్ ప్లస్, మైనస్ మధ్య మల్టీమీటర్‌తో ఏసీ వోల్టేజి చూడండి. రెండు మొనలూ తగలకుండా జాగ్రత్త. 6 వోల్టులు వచ్చిందనుకుందాం. 12 డెసిబెళ్లంటే వోల్టేజి నాలుగు రెట్లు, కాబట్టి శిఖరంలో 24 వోల్టులు. 24ని 24తో గుణించి 8 ఓమ్‌లతో భాగిస్తే 72 వాట్లు. కొత్త స్పీకర్ పాతదాని కంటే 6 డెసిబెళ్లు ఎక్కువ సెన్సిటివ్ అయితే అందులో నాలుగో వంతు, 18 వాట్లే చాలు. ఇది అదే గది, అదే కుర్చీకి వర్తించే లెక్క. వాల్వ్ ఆంప్ (గాజు గొట్టాలతో పనిచేసేది) ఉన్నవాళ్లు మాత్రం ఈ పరీక్ష చేయకండి, స్పీకర్ తగిలించకుండా నడిపితే దాని ట్రాన్స్‌ఫార్మర్ పాడవుతుంది.

పవర్ అంకె చదివేటప్పుడు చూడాల్సినవి: రెండు చానెళ్లూ ఒకేసారి నడుస్తుండగా, 20 నుంచి 20,000 హెర్ట్జ్ అంతటా, 8 ఓమ్‌లకు, తక్కువ డిస్టార్షన్‌తో (ధ్వని వికారంతో), నిరంతరంగా ఎంత ఇస్తుంది. 6 ఓమ్‌లు, ఒక్క చానెల్, 10 శాతం డిస్టార్షన్ అని చిన్న అక్షరాల్లో ఉంటే ఆ అంకెను పక్కన పెట్టండి. పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠం పేరుతో ఉబ్బించిన వాట్లు) అన్న మాట కనిపిస్తే ఆ పెట్టెనే పక్కన పెట్టండి. ఇలాంటి గందరగోళం వల్లే అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లో ఆంప్‌ల పవర్ ప్రకటనకు నియమం తెచ్చింది.

ఇంపీడెన్స్ కూడా చూడాలి. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 8 ఓమ్‌ల స్పీకర్ ఎక్కడా 6.4 కంటే కిందికి పోకూడదు. చాలా స్పీకర్లు దీన్ని పాటించవు, బేస్‌లో 3, 4 ఓమ్‌లకు దిగుతాయి. 8 ఓమ్‌లకు 100 వాట్లిచ్చే ఆంప్ 4 ఓమ్‌లకు 200 దగ్గరికి వెళ్తుంటే దాని పవర్ సప్లై గట్టిదని అర్థం.

క్లాస్ ఏబీ, క్లాస్ డీ అనే రెండు రకాల ఆంప్‌ల గొడవలోకి నేను పోను. మంచివి రెండింట్లోనూ ఉన్నాయి. ఎక్కువ వాట్లు, తక్కువ వేడి కావాలంటే క్లాస్ డీ. వాల్వ్ ఆంప్ ఇష్టపడేవాళ్లు నిరాశపడక్కర్లేదు. 300బి వాల్వ్ ఒక్కటి 8 వాట్లు ఇస్తుంది, 97 స్పీకర్‌తో మన కుర్చీ దగ్గర శిఖరం 99 డెసిబెళ్లు వస్తుంది. 80 సగటుతో వినేవాళ్లకు అది బాగానే సరిపోతుంది. సెన్సిటివ్ స్పీకర్లతో ఒక జాగ్రత్త: ఆంప్‌లోని సన్నటి సర్ర్‌మనే శబ్దం కూడా వినిపిస్తుంది. కొనేముందు పాట ఏదీ పెట్టకుండా హార్న్ మూతికి చెవి ఆనించి, తర్వాత కుర్చీలో కూర్చుని వినండి. కుర్చీ దాకా వినిపిస్తే వేరే ఆంప్ చూడాలి. స్టేజీ ఆంప్‌లు వాట్లకు చవకే కానీ వాటి ఫ్యాన్ మోత నిశ్శబ్దంగా పాడే పాటల్లో చికాకు పెడుతుంది.

ఎనిమిదో మెట్టు: వైర్లు

నిరోధం స్పీకర్ ఇంపీడెన్స్‌లో 5 శాతం దాటకుండా చూసుకుంటే చాలు. పది మీటర్ల దూరానికి 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు రానూ పోనూ కలిపి 0.23 ఓమ్‌లు, 4 ఓమ్‌ల స్పీకర్‌కి అది ఎక్కువ. 2.5 వేస్తే 0.14, సరిపోతుంది. అంతకు మించి ఖరీదైన కేబుల్ మీద పెట్టే డబ్బు తివాచీ మీద పెట్టండి. ఆంప్‌లను స్పీకర్ల దగ్గరే పెట్టి, ప్రీఆంప్ (వాల్యూమ్ నాబ్ ఉండే పెట్టె) నుంచి బయటి రొద అంతగా పట్టని పొడవైన ఎక్స్‌ఎల్‌ఆర్ బ్యాలన్స్‌డ్ కేబుల్ లాగడం పెద్ద గదుల్లో ఇంకా మంచి పద్ధతి. అన్నిటికీ ఒకే ఎర్తింగ్ ఉంటే హమ్ (కరెంటు గుయ్‌మనే మోత) బాధ చాలావరకు ఉండదు.

కొనే ముందు, కొన్న తర్వాత

రెండు స్పీకర్లను పోల్చేటప్పుడు గట్టితనం అర డెసిబెల్ లోపు సమానంగా పెట్టించండి. కాస్త గట్టిగా పాడేదే మన చెవికి మంచిదనిపిస్తుంది. ఇంటికి తెచ్చి వినే వెసులుబాటు అడగండి. తెచ్చాక గాయకుడి గొంతు ఒక్కటే ఉన్న పాట మెల్లగా పెట్టి, క్రమంగా మీ లక్ష్యం దాకా పెంచండి. గొంతు పెద్దదవ్వాలి, గరుకుగా మారకూడదు. సబ్ క్రాసోవర్‌ని (ఎంత పై ధ్వని దాకా సబ్ పాడాలో చెప్పే సెట్టింగ్) 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి, బేస్ వస్తున్న దిక్కు తెలిసిపోతుంటే కిందికి దించండి. ఈక్వలైజర్‌తో బేస్‌లో లేచిన గుట్టల్ని తగ్గించొచ్చు కానీ, గుంటల్ని పూడ్చాలని చూడకండి. గుంట దగ్గర ఎంత పవర్ పోసినా గది దాన్ని మింగేస్తుంది, సబ్‌ని జరపడమే దానికి మందు.

డబ్బు ఒకేసారి సర్దుబాటు కాకపోతే వరస ఇది: ముందు గదికి తివాచీ, కర్టెన్లు. తర్వాత సెన్సిటివిటీ ఎక్కువున్న స్పీకర్లు, వాటికి మీ దగ్గరున్న పాత ఆంప్ చాలు. తర్వాత ఒక సబ్, కొన్నాళ్లకు రెండోది. ఆంప్ మార్చాలో లేదో అప్పుడు మల్టీమీటర్ చెబుతుంది.